టేపు ఉంది, చదివే యంత్రం ఏదీ?

వంశధార నీటిని చెరి సగం పంచుకుందామని ఆంధ్రప్రదేశ్, ఒడిశా 1962లోనే ఒప్పుకున్నాయి. తర్వాత తగువు ముదిరింది. 2010లో ఏర్పడిన ట్రిబ్యునల్ ఏళ్ల తరబడి వాదనలు విని 2017 సెప్టెంబరులో ఇచ్చిన తీర్పులోనూ ఆ సగం వాటానే నిలబెట్టింది. 75 శాతం డిపెండబిలిటీతో నదిలో ఏటా దొరికే నీరు 115 టీఎంసీలు, ఒక్కో రాష్ట్రానికి 57.5. ఈ 75 శాతం వెనక ఉన్న లెక్క బడిపిల్లలకు కూడా అర్థమవుతుంది. ఎన్నేళ్ల ప్రవాహం కొలతలు దొరికితే అన్నేళ్లవీ పెద్ద అంకె నుంచి చిన్న అంకె దాకా వరసగా రాస్తారు. నూటికి డెబ్బై ఐదేళ్లు ఏ అంకెకు తగ్గకుండా నీరు వచ్చిందో దాన్ని ఆ నది ఇవ్వగలిగిన నీరుగా తీసుకుంటారు. ఆ వరసలో నాలుగైదేళ్ల కొలతలు కనపడకుండా పోతే అంకె కదులుతుంది. అంకె కదిలితే గొట్టా బ్యారేజీ కింద కాలువ చివరన ఉన్న రైతు పొలం దాకా ఆ కదలిక వెళ్తుంది. ఎప్పుడో కాశీనగర్ దగ్గర నది మట్టం చూసి ఎవరో రాసుకున్న కొలత ఇవాళ మన నీటి హక్కుకు సాక్ష్యం. పాత లెక్క దాచుకోవడం సరదా కోసం చేసే పని కాదని ఈ ఒక్క నది చాలు చెప్పడానికి.

పాతపట్నం లాంటి చోట ఈ సంగతి మరీ ముఖ్యం, ఎందుకంటే ఇక్కడ సరిహద్దులే నిలకడగా లేవు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి ఎస్టేటు రెండుగా చీలి, పర్లాకిమిడి పట్నం అటు వెళ్లింది, పాతపట్నం ఇటు మిగిలింది. 1950లో శ్రీకాకుళం జిల్లా పుట్టింది. 1979లో విజయనగరం జిల్లా విడివడింది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2022లో మళ్లీ జిల్లాల గీతలు మారాయి. పాతపట్నం తాలూకా పేరు మీద ఉన్న ఏ పాత అంకెనైనా నేటి పాతపట్నం మండలం అంకెతో నేరుగా పోల్చలేం. ఊరు ఊరుగా విడదీసి మళ్లీ కూడుకోవాలి. అలా విడదీయాలంటే అచ్చయిన పట్టికలోని మొత్తం చాలదు, దాని కింద ఉన్న వివరం కావాలి. 1970ల నుంచి 1990ల మొదటి భాగం దాకా అలాంటి వివరం క్రమంగా కాగితం వదిలి కంప్యూటర్లోకి వెళ్లింది. వానల లెక్కలు, నదుల లెక్కలు, పంటల సర్వేలు, ఉపగ్రహ చిత్రాలు మొదట పంచ్ కార్డుల మీదికి, తర్వాత అయస్కాంతపు టేపు రీళ్ల మీదికి ఎక్కాయి. ఆ టేపుల్ని రాసిన మినీ కంప్యూటర్లు, టేప్ డ్రైవులు తుక్కుకు పోయాక రీళ్లు మాత్రం బీరువాల్లో మిగిలాయి. వాటిని చదివే యంత్రాలనూ, యంత్రాలు తెలిసిన మనుషులనూ ఒక చోట చేర్చి ప్రభుత్వ ఖర్చుతో పని మొదలుపెట్టాలి. అది ఇప్పుడే జరగాలి, వీలైతే ఉత్తరాంధ్రలో జరగాలి. ఈ వ్యాసం అడిగేది ఇదే.

ఈ చరిత్రలో తెలుగు నేలకు సొంత వాటా ఉంది. 1962 యుద్ధం తర్వాత ఎలక్ట్రానిక్స్‌లో మన కాళ్ల మీద మనం నిలబడాలన్న పట్టుదల దేశంలో పెరిగింది. హోమీ భాభా అధ్యక్షతన ఒక కమిటీ ఏర్పడింది. ఆ దారిలోనే 1967 ఏప్రిల్‌లో హైదరాబాదులో ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ పుట్టింది. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావు దాన్ని నిలబెట్టారు. హైదరాబాదులో ఏఎస్ రావు నగర్ ఆయన పేరు మీద వెలిసిందే. బొంబాయిలోని భాభా అణు పరిశోధన కేంద్రంలో 1969లో తయారైన టీడీసీ-12, అంటే ట్రాంబే డిజిటల్ కంప్యూటర్, 1971 నుంచి ఈసీఐఎల్ ద్వారా బయటివాళ్లకు అందింది. 1974లో టీడీసీ-312, మరుసటి ఏడాది 16 బిట్ల టీడీసీ-316 వచ్చాయి. 1971 నుంచి 1978 దాకా ఈసీఐఎల్ అమ్మిన కంప్యూటర్లు 98. వాటిలో ఎక్కువ భాగం ప్రభుత్వ ప్రయోగశాలలకూ విశ్వవిద్యాలయాలకూ వెళ్లాయి. 98 అనేది చాలా చిన్న సంఖ్య. అమెరికాలో వేల కొద్దీ అమ్ముడైన పీడీపీ-8, పీడీపీ-11 లాంటి యంత్రాల్లో కొన్ని వందలు పోయినా ఇంకా మిగిలి ఉంటాయి, విడిభాగాలు దొరుకుతాయి, మాన్యువళ్లు దొరుకుతాయి. వందలోపు తయారైన యంత్రంలో ఒక్కటి వేలంలో పోయినా నూటికి ఒక వంతు పోయినట్టే. మన ఆఫీసుల్లో పాత యంత్రాన్ని కండెమ్ చేసి తుక్కుగా వేలం వేయడం మామూలు పద్ధతి. అందులోని కనెక్టర్లకు బంగారు పూత ఉంటుంది కాబట్టి తుక్కు వ్యాపారి ముందు వాటినే విరుస్తాడు. ఆ బోర్డు మళ్లీ పనికి రాదు.

టేపు ఎందుకంత పెళుసు? అరంగుళం వెడల్పు, 2,400 అడుగుల పొడవు ఉన్న ప్లాస్టిక్ పట్టీ మీద అయస్కాంత పొడిని ఒక జిగురుతో పట్టిస్తారు. పట్టీ పొడవునా తొమ్మిది గీతలుగా గుర్తులు పడతాయి. ఎనిమిది గీతలు సమాచారానివి, తొమ్మిదోది మిగతా ఎనిమిదింటికీ కాపలా. ఒక గీతలో ఒక చోట గుర్తు చెరిగిందని తెలిస్తే ఈ తొమ్మిదో గీతను బట్టి పోయినదేమిటో లెక్కగట్టి పూరించవచ్చు. అంగుళానికి 1,600 గుర్తుల చొప్పున రాస్తే ఒక రీలులో పట్టేది సుమారు 40 మెగాబైట్లు, నేటి ఫోనులో ఒక చిన్న వీడియో అంత. కానీ ఆ 40 మెగాబైట్లలో ఒక జిల్లా పంట సర్వే మొత్తం ఇమిడిపోతుంది. జిగురుకు శత్రువు తేమ. కొన్ని కంపెనీల టేపుల్లో ఆ జిగురు గాలిలోని తేమను ఏళ్ల తరబడి పీల్చి విచ్ఛిన్నమై, పట్టీ పొరలు ఒకదానికొకటి అంటుకుంటాయి. అలాంటి రీలును తెలియకుండా డ్రైవులో ఎక్కించి తిప్పితే పొడి ఊడి రీడింగ్ హెడ్‌కు పట్టేస్తుంది. ఊడిన పొడిలో ఉన్న సమాచారం తిరిగి రాదు. ఏసీ ఆగిపోయిన గదిలో కోస్తా ఉక్కపోతకు పదేళ్లు వదిలేసిన రీలు ఎలా ఉంటుందో ఊహించడం కష్టం కాదు. హుద్‌హుద్, తిత్లీ తుపాన్లు చూసిన జిల్లాలు మనవి. పైకప్పు కారినా బీరువాలోని కాగితాన్ని ఎండబెట్టి చదవొచ్చు, తడిసిన టేపుకు ఆ వెసులుబాటు తక్కువ.

శ్రీముఖలింగం గుడిలోని గాంగుల శాసనాలను గిడుగు రామమూర్తి చదవగలిగింది పాత లిపిని పట్టుబట్టి నేర్చుకున్నందువల్ల. రాయికీ కంటికీ మధ్య ఇంకే పరికరమూ అడ్డు లేదు. అందుకే దాదాపు వెయ్యేళ్ల తర్వాత కూడా పట్టుదల ఉన్న ఒక్క మనిషి చాలాడు. టేపు విషయంలో లిపి తెలిసినా చాలదు. రీలును సరైన వేగంతో, సరైన బిగువుతో హెడ్ మీదుగా లాగే డ్రైవు కావాలి. ఆ డ్రైవుకు ప్రాణమిచ్చే రబ్బరు రోలర్లు, గాలి పంపులు, పవర్ సప్లై బాగుండాలి. హెడ్ నుంచి వచ్చే సన్నని విద్యుత్ సంకేతాన్ని ఒకట్లు, సున్నాలుగా మార్చే బోర్డు కావాలి. ఆ ఒకట్లూ సున్నాలూ ఏ కోడ్‌లో రాసినవో, ఒక్కో రికార్డులో ఏ గడి దేనిదో చెప్పే కాగితం కావాలి. ఈ గొలుసులో ఏ ఒక్క కొక్కెం తెగినా చివరికి మిగిలేది నల్ల ప్లాస్టిక్ చుట్ట.

తెగిన కొక్కేన్ని మళ్లీ అతికించవచ్చని లోకంలో కొందరు చేసి చూపించారు. అమెరికా 1966, 67 సంవత్సరాల్లో చంద్రుడి చుట్టూ ఐదు లూనార్ ఆర్బిటర్ నౌకలను పంపింది, మనిషి ఎక్కడ దిగవచ్చో చూడటానికి. అవి పంపిన బొమ్మలను భూమి మీద ఆంపెక్స్ ఎఫ్ఆర్-900 డ్రైవులతో టేపుల మీదికి ఎక్కించారు. తర్వాత టేపులు గోదాములకు, డ్రైవులు తుక్కుకు. నాన్సీ ఎవాన్స్ అనే నాసా ఉద్యోగిని టేపులను పారేయనివ్వకుండా ఆపి, నాలుగు పాత డ్రైవులను సంపాదించి ఏళ్ల తరబడి తన ఇంటి దగ్గరే దాచారు. 2008లో డెన్నిస్ వింగో బృందం వాటిని నాసా ఏమ్స్ కేంద్రంలో మూతపడ్డ ఒక మెక్‌డొనాల్డ్స్ హోటల్ గదిలో దింపి, రిటైరైన ఇంజనీర్ల సాయంతో ఒక్కో డ్రైవు భాగాలు ఇంకోదానికి వేసి బాగుచేసింది. ఆ ఏడాది నవంబరులో బయటికి తీసిన మొదటి పెద్ద బొమ్మ, చంద్రుడి అంచు మీదుగా భూమి కనిపించే 1966 నాటి చిత్రం. 1960లలో జనం చూసిన ప్రింటుకన్నా టేపులో దాగిన వివరం ఎన్నో రెట్లు ఎక్కువని అప్పుడు తేలింది. ఇదే నాసాలో ఇందుకు విరుద్ధమైన కథ కూడా ఉంది. అపోలో-11 నుంచి నేరుగా అందిన మూల టెలిమెట్రీ టేపుల కోసం ఏళ్లు వెతికి, వాటిని బహుశా చెరిపి మళ్లీ వాడేశారని 2009లో ఆ సంస్థే చెప్పింది. ఒకే సంస్థలో ఒక టేపుల గుట్ట బతికింది, ఇంకోటి పోయింది. ఒకచోట ఒక మనిషి అడ్డం పడటం, ఇంకోచోట ఎవరూ అడ్డం పడకపోవడం తప్ప ఈ తేడాకు నాకు మరో కారణం కనపడదు. ప్రజల ఆస్తిని అలా ఒక్క మనిషి పూనిక మీద వదిలేయడం న్యాయం కాదు.

బాగుచేసే పని చేతిపని, తొందరపడితే చెడేది. ముప్పై నలభై ఏళ్లు ఆగి ఉన్న యంత్రానికి ఒక్కసారిగా కరెంటు ఇవ్వరు. ముందు పవర్ సప్లైని విడదీసి, ఎండిపోయిన కెపాసిటర్లను పరీక్షించి, అవసరమైతే మార్చి, వోల్టేజీని మెల్లమెల్లగా పెంచుతూ చూస్తారు. అది నిలకడగా ఉందని తేలాకే ఒక్కో బోర్డునూ కలుపుతారు. ఆ కాలపు యంత్రాల కోర్ మెమరీ ఇసుక రేణువుల్లాంటి ఫెర్రైట్ ఉంగరాలను సన్నని తీగలకు గుచ్చి అల్లినది. కరెంటు పోయినా అది మరచిపోదు. ఆపేసిన రోజున అందులో ఏ ప్రోగ్రాం ఉందో దశాబ్దాల తర్వాత కూడా అదే ఉండే అవకాశం ఉంది. ఆ సంగతి తెలియని వాళ్లు చేయి పెడితే మొదటి నిమిషంలోనే చెరిగిపోతుంది. అంటుకుపోయిన టేపులను 50 డిగ్రీల పైచిలుకు వేడిలో గంటల తరబడి ఉంచి తేమ లాగేస్తారు. ఆ ఫలితం కొంతకాలమే నిలుస్తుంది కాబట్టి ఆలోపు చదివేయాలి. హెడ్ సంకేతాన్ని పాత బోర్డుతో కాకుండా నేరుగా నమూనాలుగా రికార్డు చేసి, సాఫ్ట్‌వేర్‌తో విడమరిచే పద్ధతి ఇప్పుడు స్థిరపడింది. దానివల్ల ఒకప్పుడు చదవలేమని పక్కన పెట్టిన రీళ్లు కూడా లొంగుతున్నాయి. అమెరికాలో కంప్యూటర్ హిస్టరీ మ్యూజియం ఐబీఎం 1401లను మళ్లీ నడిపించింది. బ్రిటన్‌లో బ్లెచ్‌లీ పార్కు దగ్గరి మ్యూజియం 1951 నాటి హార్వెల్ యంత్రాన్ని 2012లో తిరిగి నడిపించింది. ఆ యంత్రాలను తొలినాళ్లలో నడిపిన వాళ్లు వయసు మీరాక కూడా వచ్చి చేతులు కలిపారు కాబట్టే అది జరిగింది. టీడీసీ యంత్రాలను పాతికేళ్ల వయసులో నడిపిన వాళ్లు ఇప్పుడు డెబ్బై దాటి ఉంటారు. ఏ స్విచ్ ముందు వేయాలో, ఏ బోర్డు ఉక్కపోతకు మొరాయించేదో మాన్యువల్లో ఉండదు, వాళ్ల దగ్గర ఉంటుంది.

మన దగ్గర టేపుల్లో చిక్కే సంపద ఎలాంటిదో షాద్‌నగర్ చెబుతుంది. జాతీయ రిమోట్ సెన్సింగ్ ఏజెన్సీ అక్కడ 1979 నుంచి అమెరికా ల్యాండ్‌శాట్ ఉపగ్రహాల సంకేతాలను అందుకుంది. 1988 మార్చి 17న మన సొంత ఐఆర్ఎస్-1ఏ ఎగిరాక దాని చిత్రాలూ అక్కడికే చేరాయి. తొలి ల్యాండ్‌శాట్‌లలోని రికార్డర్లు తరచూ చెడిపోయేవి, తర్వాతి ల్యాండ్‌శాట్-4, 5లకు రికార్డర్లే లేవు. దానర్థం, ఉపగ్రహం ఒక ప్రాంతం మీదుగా వెళ్తున్నప్పుడు కింద ఉన్న స్టేషను పట్టుకున్న చిత్రం చాలాసార్లు ప్రపంచంలో ఆ స్టేషను టేపుల మీద మాత్రమే ఉంటుంది. ఈ నిజం గుర్తించి అమెరికా భూగర్భ సర్వే 2010 నుంచి దేశదేశాల స్టేషన్ల నుంచి పాత ల్యాండ్‌శాట్ చిత్రాలను సేకరిస్తోంది. ఆ ఒక్క పనివల్ల వాళ్ల భాండాగారం రెట్టింపుకు మించింది. ఆ కాలపు చిత్రంలో ఒక చుక్క 80 మీటర్ల నేల. ఇల్లు కనపడదు, చెరువు కనపడుతుంది. 1980 సెప్టెంబరు వరదకు ముందు వంశధార ఏ పాయల్లో పారిందో, తర్వాత ఇసుక ఎటు మేట వేసిందో, మహేంద్రగిరి వాలుల మీద అడవి ఎక్కడిదాకా ఉండేదో, ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు ఎంతమేర పరుచుకున్నాయో ఆ 80 మీటర్ల చుక్కల్లోంచి చదవొచ్చు. నది దారి మళ్లుతుందా లేదా అన్నది వంశధార కట్టడాల మీద నడిచిన కాట్రగడ్డ, నేరడి వివాదాల్లో ఊరకే వచ్చిన ప్రశ్న కాదు. రెండు రాష్ట్రాల ఇంజనీర్లు దానిమీదే ఎదురెదురుగా కూర్చున్నారు. ఉద్దానం కిడ్నీ జబ్బు మూలాలు వెతికే వాళ్లకు కూడా అక్కడి నేల వాడకం నలభై ఏళ్లలో ఎలా మారిందో తెలియడం అక్కరే.

అసలు వివరం ఎందుకు, ముఖ్యమైనవన్నీ నివేదికల్లో అచ్చయ్యాయి కదా అని అడిగేవారు ఉన్నారు. ఇది తేలిగ్గా తీసిపారేసే ప్రశ్న కాదు. నిజంగానే చాలా టేపుల్లో ఉన్నది అచ్చయిన పట్టికే కావచ్చు. అయితే ఇక్రిశాట్ అనుభవం చూడాలి. పటాన్‌చెరులోని ఆ సంస్థ 1975లో ఆరు ఊళ్లను ఎంచుకుంది. వాటిలో రెండు అప్పటి పాలమూరు జిల్లాలోని ఔరేపల్లె, దోకూరు. ఊరికి 40 కుటుంబాలు. ఆ ఊళ్లోనే కాపురం ఉన్న పరిశోధకులు కొన్ని వారాలకోసారి ఇంటింటికీ వెళ్లి ఏం పండింది, ఏం తిన్నారు, ఎంత అప్పు చేశారు, ఏ రోజు ఎవరికి కూలి దొరికింది అని పదేళ్ల పాటు రాసుకున్నారు. నివేదికలు అప్పుడే వచ్చాయి. కానీ 1994లో రాబర్ట్ టౌన్‌సెండ్ అనే ఆర్థికవేత్త ఆ నివేదికలు అడగని ప్రశ్నతో ఆ లెక్కల దగ్గరికి వచ్చాడు. కరువులో ఒక ఇంటి రాబడి పడిపోతే ఆ ఇంటి తిండీ పడిపోతుందా, లేక ఊరంతా కలిసి ఆ దెబ్బను పంచుకుంటుందా? దీనికి జవాబు ఏ సగటు పట్టికలోనూ దొరకదు. ప్రతి ఇంటి ప్రతి ఏడాది వరసా కావాలి. ఆ వరసలు చెడకుండా ఒక యంత్రం నుంచి ఇంకో యంత్రానికి మోసుకొచ్చారు కాబట్టి దొరికాయి. పల్లె పేదరికం మీద ప్రపంచం చదివే ఆ వ్యాసానికి ఔరేపల్లె రైతుల లెక్కలు ఆధారమయ్యాయి. 2001 తర్వాత అవే ఊళ్లలో సర్వే మళ్లీ మొదలైనప్పుడు పాత లెక్కలు పోల్చుకోవడానికి సిద్ధంగా ఉన్నాయి. నివేదిక రాసినవాడి ప్రశ్నలకు నివేదిక జవాబు చెబుతుంది. తర్వాత పుట్టేవాళ్ల ప్రశ్నలకు వివరమే దిక్కు.

ఇంకో అభ్యంతరం కంప్యూటర్ తెలిసినవాళ్ల నుంచి వస్తుంది. పాత యంత్రాన్ని సాఫ్ట్‌వేర్‌తో అచ్చంగా అనుకరించే ఎమ్యులేటర్లు ఉన్నాయి, పీడీపీ-8ను ఇవాళ చిన్న లాప్‌టాప్ మీద నడపొచ్చు, ఇనుప బీరువా అంత యంత్రాన్ని బాగుచేయడం దేనికని. ఎమ్యులేటర్ గొప్ప సాధనం, దాన్ని కాదనను. అయితే అది పని మొదలుపెట్టాలంటే టేపులోని బిట్లు ముందు బయటికి రావాలి, అందుకు డ్రైవు తప్పదు. పైగా 12 బిట్ల మాటలతో రాసిన ఫైలు నేటి ఎనిమిది బిట్ల బైట్లలోకి సాఫీగా విడిపోదు. అక్షరాలను రెండు ఆరు బిట్ల ముక్కలుగా సర్దారా, అంకెలను ఇంకోలా కుక్కారా అన్నది తెలియకపోతే బిట్లు సరిగా వచ్చినా అర్థం రాదు. నడుస్తున్న అసలు యంత్రం ఒక్కటి ఉంటే ఎమ్యులేటర్ చెప్పేది నిజమో కాదో సరిచూసుకోవచ్చు. అందుకే ప్రతి యంత్రాన్నీ నడపమని అడగడం లేదు. ఒక్కో రకానికి ఒక్కటి నడిస్తే, మిగతావి విడిభాగాలకు ఉంటే చాలు. దీనికి తోడు కోడ్‌బుక్కుల సంగతి ఉంది. రికార్డులో తాలూకా సంఖ్య 07 అని ఉంటే ఆ సంఖ్య ఏ తాలూకాదో, అది 1979కి ముందు జాబితా ప్రకారమా తర్వాతదా అన్నది తెలియాలి. ఆ కాగితాలు తరచూ టేపులకన్నా ముందే చెత్తబుట్టలోకి వెళ్తాయి, ఎందుకంటే వాటి మీద ఏ యంత్రం పేరూ ఉండదు, చూడటానికి మామూలు జాబితాల్లా ఉంటాయి.

బళ్లకు గోడలు లేవు, ఆసుపత్రుల్లో డాక్టర్లు లేరు, ఈ పాత రీళ్ల మీద డబ్బు పెట్టాలా అనే మాట ఈ జిల్లాల్లో గట్టిగా వినిపించాల్సిన మాటే. నేను దాన్ని పక్కకు నెట్టను. కానీ రెండు ఖర్చులను పక్కపక్కన పెట్టి చూడాలి. నదీ జలాల వివాదంలో ఒక్క అంకె కోసం ప్రభుత్వాలు ఏళ్ల తరబడి న్యాయవాదులకూ నిపుణులకూ పెట్టే ఖర్చుతో పోలిస్తే, ఒక గది, కొన్ని పాత డ్రైవులు, ఇద్దరు ముగ్గురు ఇంజనీర్లు, తేమ లేని బీరువాలు పెద్ద బరువు కావు. పైగా ఇది ఏటా పెరిగే ఖర్చు కాదు. టేపుల సంఖ్య స్థిరం, కొత్తవి పుట్టవు. చదివేశాక పని అయిపోతుంది. వాయిదా వేస్తే మాత్రం ఆ తర్వాత ఎంత డబ్బు పోసినా ఊడిపోయిన పొడి తిరిగి రాదు. నౌపడ నుంచి పాతపట్నం మీదుగా పర్లాకిమిడి, గుణుపూరు దాకా నడిచిన నారో గేజ్ రైలును బ్రాడ్ గేజ్ చేసినప్పుడు ఆ లైను పాత ఇంజన్లు కొన్నింటిని రైల్వే భద్రపరిచింది. అది మంచి పనే. ఇంజను పొగ మానేసినా ఆ రైలు ఎక్కడ నడిచిందో నేల మీద గుర్తు ఉంది. టేపుకు అలాంటి గుర్తు బయట ఎక్కడా ఉండదు.

గోప్యత గురించిన అభ్యంతరం నాకు అన్నిటికన్నా బరువుగా తోస్తుంది. పాత సర్వేల్లో పేర్లు ఉంటాయి, అప్పులు ఉంటాయి, జబ్బులు ఉంటాయి. చెప్పినవాళ్లు ఒక అధికారిని నమ్మి చెప్పారు, నలభై ఏళ్ల తర్వాత ఊరంతా చూడటానికి చెప్పలేదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పరిశోధనకూ, భాండాగారాలకూ, గణాంకాలకూ కొంత వెసులుబాటు ఇచ్చినా, చట్టం ఇచ్చిన వెసులుబాటు మనిషి మర్యాదకు బదులు కాదు. కాబట్టి బయటికి తీయడం ఒక పని, అందరికీ తెరవడం వేరే పని అని మొదటి రోజునే రాసుకోవాలి. వానలు, నదులు, నేల చిత్రాలు వెంటనే తెరవొచ్చు. ఇంటింటి లెక్కలను పేర్లు తీసేసి, ఒక సంఘం పరిశీలించాకే పరిశోధకులకు ఇవ్వాలి. గోప్యత పేరుతో టేపును కుళ్లనివ్వడం మాత్రం ఆ మనుషులకు ఏ మేలూ చేయదు. వాళ్లు తమ కష్టం చెప్పుకున్న మాటలు కూడా అందులోనే కుళ్లుతాయి.

ఇదంతా పాత తరం గొడవ అనుకునే యువకులు తమ ఊరి డీటీపీ సెంటరును చూడాలి. 1990లలో తెలుగు పుస్తకాలు, పత్రికలు పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో తయారయ్యాయి. ఆ ఫైలును ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే ఇంగ్లిషు అక్షరాల, గుర్తుల కలగాపులగం తప్ప ఒక్క తెలుగు అక్షరం కనపడదు. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికినా మన అచ్చు రంగం అందులోకి రావడానికి చాలా ఏళ్లు పట్టింది, ఆ నడుమ కాలపు రచనలెన్నో ఫ్లాపీల్లో చిక్కుకున్నాయి. రాజ్ రెడ్డి ప్రోత్సాహంతో, ట్రిపుల్ ఐటీ హైదరాబాదు లాంటి సంస్థల శ్రమతో వేలాది తెలుగు పుస్తకాలను స్కాన్ చేసిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వెబ్‌సైటు 2017 ప్రాంతంలో మూతపడింది. ఆ పుస్తకాలు నేటికీ చదవగలుగుతున్నామంటే, కొందరు ముందే వాటి నకళ్లను ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పెట్టారు కాబట్టి. బ్రిటన్‌లో బీబీసీ 1986లో పది లక్షల మందికి పైగా జనం చేత రాయించి లేజర్ డిస్కుల్లో పెట్టిన డోమ్స్‌డే ప్రాజెక్టు పదిహేనేళ్లలోనే చదివే యంత్రం దొరకని స్థితికి వచ్చింది. దానికి పేరిచ్చిన 1086 నాటి తోలు పుస్తకాన్ని ఇప్పటికీ పేజీలు తిప్పి చదవొచ్చు. డిస్కులను విశ్వవిద్యాలయాల బృందాలు పూనుకుని రక్షించాల్సి వచ్చింది. నేటి పెన్‌డ్రైవు, నేటి క్లౌడ్ ఖాతా ఇంకో ముప్పై ఏళ్లకు ఎక్కడ ఉంటాయో ఆ రీళ్లను చూసి నేర్చుకోవచ్చు.

చేయాల్సిన పనికి కొత్త చట్టం అక్కర్లేదు. కేంద్ర సంస్థలకు వర్తించే 1993 నాటి పబ్లిక్ రికార్డ్స్ చట్టం కంప్యూటర్ ద్వారా తయారైనదాన్ని కూడా ప్రజా రికార్డుగానే లెక్కిస్తుంది. పద్ధతి తప్పి దాన్ని నాశనం చేస్తే ఐదేళ్ల దాకా జైలు అని రాసి ఉంది. రాష్ట్ర ప్రభుత్వం తన శాఖలకు ఒక్క ఉత్తర్వు ఇస్తే చాలు: టేపు, డిస్కు, ఫ్లాపీ, వాటిని చదివే యంత్రం, వాటి మాన్యువల్, కోడ్‌బుక్కు ఏది ఉన్నా జాబితా రాసి ప్రకటించాలి, ఆ జాబితా పరిశీలన పూర్తయ్యేదాకా కండెమ్ వేలంలో పెట్టకూడదు. పని చేసే చోటుగా ఎచ్చెర్లను సూచిస్తాను. అక్కడ అంబేద్కర్ విశ్వవిద్యాలయం ఉంది, ట్రిపుల్ ఐటీ క్యాంపస్ ఉంది. ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగ్ పిల్లలు పుస్తకంలో చదివే ఫ్లిప్-ఫ్లాప్‌ను చేత్తో తాకి, ఓసిలోస్కోపుతో చూసి, టంకం పెట్టి బాగుచేసే అవకాశం ఇంకే ల్యాబ్‌లోనూ దొరకదు. ఐటీఐ ఎలక్ట్రానిక్ మెకానిక్ పిల్లల చేతులు ఈ పనికి ఇంజనీర్ల చేతులకన్నా తక్కువేమీ కాదు. ఈసీఐఎల్‌లో పనిచేసి రిటైరైన వాళ్లకు ప్రయాణ ఖర్చులు, గౌరవ భత్యం ఇచ్చి నెలకు కొన్ని రోజులు పిలిపించాలి, వాళ్లు చెప్పేదంతా వీడియో తీసి ఉంచాలి. మొదట చదవాల్సినవి వంశధార, నాగావళి, మహేంద్రతనయల ప్రవాహం, వర్షపాతం లెక్కలు, వాటి వెంట ఈ మూడు నదుల మీది పాత ఉపగ్రహ చిత్రాలు. చదివిన ప్రతి రీలు నకలూ కనీసం మూడు వేర్వేరు ఊళ్లలో ఉండాలి, వాటిలో ఒకటైనా తుపాను దారికి దూరంగా ఉండాలి. ఒడిశా ప్రభుత్వానికి కూడా ఒక నకలు ఇవ్వాలి. ఆ నదులు వాళ్లవి కూడా, కాశీనగర్ కొలతను రెండు పక్షాలూ ఒకే కాగితం మీద చూడగలిగితే వచ్చే తగువులో ఒక ప్రశ్నయినా తగ్గుతుంది.